పాత కంప్యూటరును పాఱవేయవలదు

ధ్వని తరంగరూపమున ప్రయాణించునని మన విద్యార్థులందఱును చెప్పగలరు. పౌనఃపున్యమన నేమి, ఆవర్తన కాలమన నేమి యని ప్రశ్నించినచో తడుముకొనక నిర్వచనము లప్పగించువారు ప్రతి తరగతియందును పదిమందియైన నుందురు. అట్టి బాలు నొకనిని దగ్గఱకు బిలిచి, "నాయనా! నీ వా తరంగము నెప్పుడైన చూచితివా?" యని యొకనాడు నేనడిగితిని. "చూచితినండి. పుస్తకములో బొమ్మ యున్నది" అని యాతడు వినయముతో బదులు చెప్పెను. ఆ యుత్తరము నన్ను చాలదినములు బాధించినది. అందు బాలుని దోషమేమియు లేదు. మనము బొమ్మను మాత్రమే చూపితిమి. ఆతడు బొమ్మనే చూచెను.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది యొక్కటియే. ధ్వనిని కంటికి చూపుటకును, దానిని కొలుచుటకును వలసిన సాధనము మన పల్లెటూరి పాఠశాలలలో ననేకముల యందు ఇదివఱకే యున్నది. ఆఫీసుగదిలో నొక మూల దుమ్ముపట్టియున్న పాత కంప్యూటరే యా సాధనము. దానిలోని సౌండు కార్డును ఆసిలోస్కోపుగా వాడుకొనవచ్చును. వాడుకొనకుండుట మన యలసత్వమే గాని పేదఱికము కాదని నా నిశ్చితాభిప్రాయము.

ఆసిలోస్కోపనగా క్షణక్షణమునకు మాఱుచుండు వోల్టేజిని తెఱపై గీతగా గీసి చూపు యంత్రము. 1897వ సంవత్సరమున కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కాథోడు కిరణముల గొట్టమును నిర్మించి దీనికి బీజము నాటెను. నాటినుండి నేటివఱకు విద్యుత్తుతో పనిచేయువారికి ఇది కన్నువంటిదై యున్నది. కాని క్రొత్త ఆసిలోస్కోపు వెల వేల రూపాయలలో నుండును. ఎంతయో శ్రమపడి యొకటి కొన్న పాఠశాలలలో సైతము అది బీరువాలో చేరి తాళము పడుట తఱచుగ చూచుచున్నాము. తనిఖీనాడు తుడిచి బల్లపై బెట్టుదురు. మఱునాడు మఱల లోపల బెట్టుదురు. పగిలిపోవునని యొక భయము, లెక్క చెప్పవలసి వచ్చునని యొక భయము. బైబిలు తరగతిలో తలాంతుల ఉపమానమును మనమందఱము చదివియున్నాము. భయపడి తన తలాంతును భూమిలో దాచిపెట్టిన దాసుని కథ మన ప్రయోగశాలల బీరువాలకు చక్కగ వర్తించును. చెడిపోయినను పెద్దనష్టము లేని యంత్రమే పిల్లల చేతికి నిర్భయముగ నందును. ఈ యొక్క విషయమున పాత కంప్యూటరు క్రొత్త ఆసిలోస్కోపుకంటె మేలైనది.

సౌండు కార్డు పనిచేయు విధమును మన కె.సి. కాలువతో పోల్చి చెప్పెదను. కాలువ లస్కరు గేజియొద్దకు పోయి, గంటకొకమాఱు నీటిమట్టమును చూచి పుస్తకమున వ్రాసికొనును. ఆ యంకెలను గళ్లకాగితముపై చుక్కలుగ బెట్టి కలిపితిమేని, దినమంతయు నీరు పెరిగిన విధమును, తగ్గిన విధమును కనబడును. సౌండు కార్డు చేయునదియు నిదియే. మైకునుండి వచ్చు వోల్టేజిని సెకనుకు 44,100 మాఱులు గాని, 48,000 మాఱులు గాని కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లుగల యొక కొలబద్దపై నంకెగా వ్రాసికొనును. ఆ యంకెలను కంప్యూటరు చుక్కలుగ బెట్టి కలిపి తెఱపై గీయును. 1989లో సింగపూరు కంపెనీయొకటి సౌండు బ్లాస్టరను కార్డును విపణిలోనికి దెచ్చినపుడు ఆటలకు సంగీతము వినిపించుటయే దాని ముఖ్యప్రయోజనము. ఆటకొఱకు వచ్చిన వస్తువును చదువునకు త్రిప్పుకొనుట బుద్ధిమంతుల లక్షణము.

ఇక దీనికి వలసిన సామగ్రి మిక్కిలి స్వల్పము. ఆడాసిటీ యను ప్రోగ్రాము నెవరైనను వెల లేకుండ తెచ్చుకొనవచ్చును. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1999లో మొదలై, 2000లో వెలువడిన ప్రోగ్రామిది. కంప్యూటరు వెనుక నీలిరంగు రంధ్రమున్నచో అది లైను ఇన్, గులాబిరంగుది మైకునకు. బ్యాటరీతో నడచు చిన్న సర్క్యూటును పరీక్షింపదలచినపుడు తీగెను నేరుగ గ్రుచ్చరాదు. లక్ష ఓముల నిరోధము నొకటి, పదివేల ఓముల నిరోధము నొకటి వరుసగ కలిపి, చిన్నదాని రెండు కొనలనుండి సౌండు కార్డునకు తీగెలు తీయవలెను. అపుడు వోల్టేజిలో పదునొకండవ వంతు మాత్రమే లోపలికి పోవును. 5 వోల్టులు సుమారు 0.45 వోల్టగును. గులాబి రంధ్రము మాత్రమే యున్నచో అది మఱింత సుకుమారమైనది గనుక, లక్ష ఓములకు బదులు పదిలక్షల ఓముల నిరోధము వేయవలెను.

ఇచట నొక హెచ్చరిక కలదు. దీనిని ప్రతి విద్యార్థియు కంఠస్థము చేయవలెను. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల విద్యుత్తును గాని, ప్లగ్గునకు తగిలించిన యే యంత్రపు లోపలిభాగమును గాని, ఇంటి ఇన్వర్టరును గాని ఈ తీగెలతో తాకరాదు. సౌండు కార్డు తీగెలలో నొకటి కంప్యూటరు ఇనుపపెట్టెతో కలిసియుండును; అందుచే యంత్రము కాలుట యటుంచి, మనుష్యప్రాణమునకే యపాయము కలుగును. బ్యాటరీ, మైకు, చిన్న సౌరపలక – ఈ మూడే మన హద్దు. ఈ హద్దులో చేయదగిన పని జీవితకాలమునకు సరిపోవునంత కలదు.

అట్టి పనులలో కొన్నిటిని వివరించెదను. ప్రయోగశాల చెక్కపెట్టెలోని 256 అంకెగల శృతిదండమును రబ్బరుపై కొట్టి మైకు దగ్గఱ నుంచుడు. తెఱపై నున్నని యలలు కనబడును. ఒక యలకు పట్టిన కాలము సుమారు 3.9 మిల్లీసెకనులు. సెకనుకు 48,000 కొలతలైనచో నొక యలకు 187 లేక 188 చుక్కలు పడును. ఆ చుక్కలను బాలుడు తానే లెక్కించి, 48,000ను ఆ లెక్కచే భాగించి, శృతిదండముపై చెక్కియున్న 256నకు చేరువగ రాగా నాతని ముఖమును చూడుడు! అంతవఱకు ఇనుముపై చెక్కిన యంకె యితరులు చెప్పిన మాట. ఇపుడది తాను కనుగొన్న సత్యము.

మన గడివేముల మండలములోని గని గ్రామము మొదలు శకునాల వఱకు వ్యాపించిన సౌరవిద్యుత్కేంద్రమును చూడని బాలుడు మన ప్రాంతమున నుండడు. 1,000 మెగావాట్ల శక్తిగల యా కేంద్రము 2017లో పనిచేయ నారంభించినది. ఆ పలకలనుండి వచ్చునది ఏకముఖ ప్రవాహము. ఇన్వర్టర్లు దానిని సెకనుకు 50 ఆవర్తనములుగల ఏకాంతర ప్రవాహముగ మార్చి తీగెల కెక్కించును. ఈ వాక్యమును పుస్తకమున వ్రాయించుట సులభము. చూపుట యెట్లు? తోటదీపములలోనుండు చిన్న సౌరపలక నొకదానిని సౌండు కార్డునకు తగిలించి, రాత్రివేళ తంతువు బల్బుక్రింద గాని, పాతచోకు గల ట్యూబులైటు క్రింద గాని పట్టుడు. కంటికి నిలుకడగ కనబడు వెలుగు తెఱపై నలలు నలలుగ నాడును. లెక్కించినచో సెకనుకు 100 అలలు వచ్చును. "విద్యుత్తు 50 గదా, వెలుగు 100 ఏల?" యని యొక పిల్లవాడైన నడుగక మానడు. ప్రవాహ మీవైపునకు పోవునపుడొకమాఱు, ఆవైపునకు పోవునపుడొకమాఱు, ఆవర్తనమునకు రెండుమాఱులు దీపము ప్రకాశించునని చెప్పనక్కఱలేదు. కొంచెము ఓపికపట్టినచో వారే చెప్పుదురు. ఎల్.ఇ.డి. దీపములలో కొన్ని మినుకును, కొన్ని మినుకవు. తమ ఇండ్లలోని దీపములలో నేది యెట్టిదో కనుగొనుట వారికి సెలవుదినముల పని.

అదే పలకకును బ్యాటరీ టార్చికిని నడుమ నొక టేబులు ఫ్యానును త్రిప్పుడు. ఱెక్క యడ్డువచ్చినపు డెల్ల గీత పడిపోవును. సెకనుకు 60 మాఱులు పడినచో, మూడు ఱెక్కల ఫ్యాను గనుక సెకనుకు 20 చుట్లు, నిమిషమునకు 1,200 చుట్లు తిరుగుచున్నదన్నమాట. ఫ్యానును ముట్టకయే దాని వేగమును కొలిచితిమి.

మూడవది ధ్వనివేగము. కొలది రూపాయలకు దొరకు చిన్నమైకులను రెండింటిని సమాంతరముగ కలిపి మైకు రంధ్రమునకు తగిలించి, ఆటస్థలమున 3.5 మీటర్ల యెడముతో నుంచుడు. అదే వరుసలో మొదటిమైకు కావల నిలిచి యొక బాలుడు చప్పట్లు చఱచవలెను. తెఱపై రెండు గుర్తులు పడును. గాలి వేడిమి 30 డిగ్రీలైనపుడు ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోవును గనుక, ఆ రెంటికిని నడుమ 10 మిల్లీసెకనులు, అనగా 480 కొలతలు, ఉండవలెను. దీనిని డిసెంబరు తెల్లవారుజామున 20 డిగ్రీల చలిలో నొకమాఱు, వేసవి మధ్యాహ్నము 40 డిగ్రీల యెండలో నొకమాఱు చేయుడు. వేడిగాలిలో ధ్వని వేగముగ పోవును. కావున వేసవిలో నా యెడము సుమారు 16 కొలతలు తగ్గును. నంద్యాల సీమ యెండలు మనల నెంత బాధించినను, ఈ ప్రయోగమునకు మాత్రము వరములే.

నాలుగవది సంగీతము. మన ప్రార్థనామందిరములలో హార్మోనియముతో పాటు తబలా మ్రోగుచుండును. ఊరిలో డప్పు మ్రోగును. రెండును తోలువాద్యములే. కాని తబలా శృతిలో పలుకును. డప్పునకు శృతి నిలువదు. కారణమేమి? సాధారణమైన చర్మము మ్రోగునపుడు దాని కంపనముల పౌనఃపున్యములు 1, 1.59, 2.14 వంటి నిష్పత్తులలో నుండును; అవి యొకదానితో నొకటి పొసగవు. మృదంగ తబలాల నడుమనుండు నల్లని పూత వానిని 1, 2, 3 అను పూర్ణసంఖ్యల నిష్పత్తికి దెచ్చును. ఈ రహస్యమును 1920లో లోకమునకు వెల్లడించి, 1934లో సవిస్తరముగ నిరూపించినవారు సర్ సి.వి. రామను గారు. ఆడాసిటీలో స్వరమును విడదీసి పౌనఃపున్యముల పటముగ చూపు సౌకర్యము కలదు. తబలాను, డప్పును దాని ముందు మ్రోగించినచో ఈ భేదము మన పిల్లల కండ్లకే కనబడును. డప్పు తక్కువదని దీని భావము కాదు. దూరమునకు పిలుపు నందించుట దాని పని, శృతి నిలుపుట తబలా పని.

రామను గారిని గూర్చి మన పిల్లలు తెలిసికొనవలసిన దింకొకటి కలదు. 1888లో తిరుచిరాపల్లిలో జన్మించిన యా మహనీయుని తండ్రి విశాఖపట్టణమున మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో నధ్యాపకుడు. అందుచే రామను గారి బాల్యము తెలుగుదేశమున గడచినది. అచటి సెంటు ఎలోషియస్ పాఠశాలలో చదివి, పదునొకండవ యేటనే మెట్రిక్యులేషను నెగ్గిరి. అదియు మనవంటి మిషను పాఠశాలయే. వారికి కంప్యూటరు లేదు. మృదంగపు చర్మముపై సన్నని యిసుక చల్లి, అది యే రేఖలలో చేరునో చూచి, చెవితో విని నిర్ణయించిరి. 1930లో నోబెలు బహుమానము నందినవారే యిసుకతో పనిచేయగా, కంప్యూటరున్న మనము సామగ్రి లేదని చెప్పుట సిగ్గుచేటు.

సౌండు కార్డు నిజమైన ఆసిలోస్కోపునకు సమానమని నేను చెప్పుటలేదు. దాని లోపములను దాచుట విజ్ఞానశాస్త్రమునకు ద్రోహము. లస్కరు గంటకొకమాఱే గేజి చూచినచో, నడుమ వచ్చి నడుమనే పోయిన పొంగు పుస్తకమున కెక్కదు. అట్లే సెకనుకు 48,000 కొలతలు తీయు యంత్రము 24,000 ఆవర్తనములకు మించిన తరంగమును చూపజాలదు. 1928లో నైక్విస్టును, 1949లో షానను వివరించిన సూత్రమిదియే. మనుష్యుని చెవి 20,000 వఱకే వినును గనుక ధ్వనివిషయమున నది చాలును, రేడియోతరంగములకు చాలదు. చిన్న ఆసిలోస్కోపు సైతము సెకనుకు రెండుకోట్ల ఆవర్తనములను చూపును. రెండవ లోపము, సౌండు కార్డు ముంగిట కెపాసిటరు కావలి యుండుటచే ఏకముఖ ప్రవాహము దానికి కనబడదు. నిలుకడయైన యెండలో నుంచిన సౌరఘటము అరవోల్టు పుట్టించుచున్నను తెఱపై గీత సున్నయొద్దనే యుండును. మల్టీమీటరు పెట్టినచో ఆ యరవోల్టు తెలియును. మూడవది, తెఱపై గీత యెత్తును చూచి యిన్ని వోల్టులని చెప్పుటకు వీలులేదు. తెలిసిన వోల్టేజితో మనమే ముందుగ సరిపోల్చుకొనవలెను. నాలుగవది, నేటి కంప్యూటర్లు మాటలు స్పష్టముగ వినబడుటకై చప్పుడును తామే తగ్గించును, స్వరమును తామే హెచ్చించును. ఆ యేర్పాట్లను తీసివేయనిచో శృతిదండపు నాదమును సైతము చప్పుడని తలచి మ్రింగివేయును.

ఇవి లోపములేయైనను, బోధనకు ఇవే గొప్పవరములని నా నమ్మకము. యంత్రము సున్న చూపినంతమాత్రమున వస్తువు లేదని కాదు. యంత్రము నడిగిన ప్రశ్నకే యది యుత్తరమిచ్చునని బాలుడు తెలిసికొనును. తన సాధన మెచట సత్యము పలుకునో, ఎచట పలుకదో యెఱిగినవాడే నిజమైన పరిశోధకుడు. వెల పెట్టి కొన్న యంత్రము తెఱపై నంకె చూపగా దానిని దేవవాక్యమువలె నమ్మువాడు పరిశోధకుడు కాజాలడు. ఈ వివేకము వార్తాపత్రికను చదువునపుడును, ఫోనులో వచ్చు మాటను వినునపుడును పనికివచ్చునది.

దీనికి కొందఱు పెద్దలు చెప్పు నాక్షేపణలను విన్నాను. "దీనివలన మార్కులు వచ్చునా?" యని తల్లిదండ్రు లడుగుదురు. రేపటి పరీక్షలో దీనిపై ప్రశ్న రాకపోవచ్చును. కాని కంటితో చూచినదానిని వ్రాయువాడు కంఠపాఠము మఱచినను దిగులుపడడు. అంతేకాక, గనిలో నిలిచియున్న యిన్వర్టర్లను బాగుచేయుటకు, మన పొలముల మోటార్ల స్టార్టర్లను సరిదిద్దుటకు తరంగమును చదువనేర్చినవారు కావలెను. ఆ పనికి మన పిల్లలే యేల పోరాదు? "ఫోనులోనే యీ ప్రోగ్రాములున్నవి గదా" యని మఱికొంద ఱందురు. ఉన్నవి, మంచివే. ఫోనులోను సౌండు కార్డు పని జరుగుచునే యున్నది. కాని ఫోను ఒక్కని చేతిలోని వస్తువు, వేయి ప్రలోభముల పుట్ట. బల్లపై కంప్యూటరు చుట్టును ఐదుగురు కూర్చుండి వాదించుకొనవచ్చును. "ప్రభుత్వము అటల్ టింకరింగు ల్యాబుల నిచ్చుచున్నది గదా" యని యింకొక మాట. 2016లో నారంభమైన యా పథకముక్రింద 20 లక్షల రూపాయల వఱకు సాయము పొందిన పాఠశాలలు ధన్యములు. రానివారు వచ్చునంతవఱకు చేతులు కట్టుకొని కూర్చుండుటయేనా?

కావున పాఠశాల పెద్దలకు నా మనవి యిది. పనికిరాదని వ్రాసి మూలబెట్టిన కంప్యూటర్లలో నొకదానిని బాగుచేయించి, ప్రయోగశాల కిటికీప్రక్క బల్లపై నుంచుడు. దానికి తాళము వేయకుడు. వారమునకొక పీరియడు ఐదుగురేసి పిల్లలకు వదలుడు. వారిచేత నొక నోటుపుస్తకము వ్రాయింపుడు. అందు తాము కొలిచిన యంకె తప్పైనను సరే, పొరుగువాని యంకె నెత్తివ్రాయరాదు. రికార్డు పుస్తకములలో ప్రతియేట నవే యంకెలు తలదాల్చి వచ్చుట మనమెఱిగినదే; ఆ యలవాటు బుద్ధితోపాటు సత్యసంధతను సైతము చెఱచును. పాత కంప్యూటర్లను తూకమునకు అమ్మదలచిన పూర్వవిద్యార్థులు ఒకమాఱు తమ పాఠశాలను తలచుకొందురు గాక.

విద్యార్థులారా! మీరు పలుకు ప్రతి మాటయు నొక యాకారము గలది. "అమ్మా" యని పిలిచి తెఱవైపు చూడుడు. "అ"కారమున కొక రూపము, "మ"కారమున కొక రూపము కనబడును. మీ రూపము, మీ ప్రక్కవాని రూపము ఒకటి కావు. వచ్చు సంవత్సరపు సంచికలో తరంగమును గూర్చి మీరు వ్రాయు వ్యాసమున పుస్తకములోని బొమ్మ కాక, మీరు మీ కంటితో చూచి మీ చేతితో గీసిన బొమ్మ అచ్చుపడవలెనని నా కోరిక. అపుడు, "తరంగమును చూచితివా?" యని యే యుపాధ్యాయుడైన మిమ్ము నడిగినచో, "చూచితినండి, నేనే కొలిచితిని" అని చెప్పగలరు.